ఆదివారానికి ఖరీదు కట్టినవాడు

ఆఫీసులో అతన్ని అందరూ తూకం అనేవారు. ఎదురుగా ఉంటే తూకం గారు, అటు తిరిగితే వట్టి తూకం. పెట్టినవాళ్ళెవరో గానీ, ఊరికే పెట్టలేదు. క్యాంటీన్లో టీ కావాలా కాఫీ కావాలా అంటే కూడా, ఏది తాగితే ఏమవుతుందో, ఏది మానేస్తే ఏమవుతుందో కాసేపు చూసుకునే మనిషి. ఈలోగా వెనక వరసలో ఉన్నవాళ్ళు తాగేసి వెళ్ళిపోయేవారు. ఆ పేరుని పట్టించుకోనట్టే ఉండేవాడు గానీ, లోలోపల అతనికి అది ఇష్టమే.

అతని ఉద్యోగం ఏమిటో చెబితే నవ్వొస్తుంది. సాఫ్ట్‌వేర్ రాయడు. రాసినవాళ్ళు చేసిన తప్పులకి ఖరీదు కడతాడు. వాళ్ళ కంపెనీ ఆసుపత్రులకి డ్యూటీ చార్టులు వేసే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఏ నర్సు పగలు రావాలి, ఎవరు రాత్రికి రావాలి, ఎవరికి ఏ రోజు సెలవు, అంతా అదే తేలుస్తుంది. అందులో తప్పులుండవా అంటే, ఎందుకుండవు, మనుషులు రాసిందేగా! ఆసుపత్రుల నుంచి ఫిర్యాదులు వచ్చిపడుతూనే ఉంటాయి. వచ్చినవన్నీ బాగుచేస్తూ కూర్చుంటే కంపెనీకి తాళం వేసుకోవాల్సిందే. అందుకని ఒక్కో తప్పునీ తెచ్చి తూకం ముందు పెట్టేవారు. దీన్ని ఇలాగే వదిలేస్తే వచ్చే నష్టమెంత, బాగుచెయ్యడానికయ్యే ఖర్చెంత? నష్టం ఖర్చును దాటితే బాగుచేస్తారు, దాటకపోతే పక్కన పెడతారు. అతను చెప్పిన అంకె మీద ఎవరూ ఎదురు మాట్లాడేవారు కాదు.

అతనికి ఒక నియమం ఉండేది. ఇంటి గోడు లెక్కలోకి రాకూడదు. తనకి తెలిసినవాళ్ళకి పళ్ళు నొప్పెట్టినా, తన చుట్టాలకి కాళ్ళు నొప్పెట్టినా, అంకె అంకెలాగే ఉండాలి. ఈ నియమం అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం లేకపోలేదు. ఊళ్ళో పెద్దాసుపత్రికి డ్యూటీ చార్టు వేసేది వీళ్ళ సాఫ్ట్‌వేరే. ఆ ఆసుపత్రిలో మూడో అంతస్తు వార్డుకి హెడ్ నర్సు అతని భార్య.

చిన్న నర్సులంతా ఆవిడని పెద్దక్క అంటారు. పని తెలిసిన మనిషి, ధైర్యమున్న మనిషి. అలాంటివాళ్ళనే చార్టు ఎక్కువగా రాత్రులకి తోస్తుంది. అతను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ బయల్దేరిపోయేది. ఆవిడ వచ్చేసరికి ఇతను బస్సెక్కేసేవాడు. సోమవారం పగటి డ్యూటీ కాబట్టి ఆ ఒక్క సాయంత్రం ఇద్దరూ ఇంట్లో ఉన్నా, ఆవిడ కంచం ముందే కునికేది. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, వంతులవారీగా పడుకునే కాపురం వాళ్ళది. అతను పడుకోబోతూ దిండు మీద ఆవిడ వదిలిన వెచ్చదనం కోసం వెతుక్కునేవాడు. మధ్యాహ్నమే లేచిన మనిషి వెచ్చదనం రాత్రికి ఎక్కడుంటుంది? అయినా చెయ్యి పెట్టి చూసేవాడు. పెళ్ళాం మొహం చూడ్డానికి మొహం వాచిపోయి ఉన్నాడంటే నమ్మండి.

ఇద్దరి మధ్యా రాయబారం నడిపేది అత్తగారు. కూతురి దగ్గరే ఉంటుంది ఆవిడ. నోరు కాస్త పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"బాబూ, గ్యాసు అయిపోవచ్చిందని చెప్పమంది. నీలం చొక్కాకి బొత్తాం కుట్టిందట. మీరు చిక్కిపోయారట కూడా."

"నన్నెప్పుడు చూసింది అత్తయ్యా?"

"సోమవారం తెల్లవారుజామున బయల్దేరుతూ, మీరు నిద్రపోతుంటే చూసింది. పాపం, గుమ్మం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి కాసేపు చూసి వెళ్ళింది. మీ ఇద్దరి మధ్య మోయలేక మోయలేక నా కాళ్ళు అరిగిపోతున్నాయి. ఇంక మీరే ఏదో ఒకటి చూసుకోండి తల్లీ, బాబూ!"

అతను నవ్వేసేవాడు గానీ, ఆ మాట విన్న రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆవిడ నిలబడిన చోటు ఎక్కడో ఊహించుకుంటూ గుమ్మం వైపు తిరిగి పడుకున్నాడు.

ఒక ఆదివారం అతను పెద్ద ఏర్పాటే చేసుకున్నాడు. ఆవిడకి చార్టులో ఆ రోజు సెలవు. పొద్దున్నే లేచి ఇల్లంతా తుడిచాడు. కూరలు తరిగి, తనే వంట చేశాడు. పక్క వీధిలో కొత్తగా తెరిచిన పార్కుకి సాయంత్రం తీసుకెళ్ళాలనుకున్నాడు. ఏం మాట్లాడాలో కూడా అనుకున్నాడు, ఎప్పటి నుంచో దాచుకున్న కబుర్లు కడుపులో అలాగే ఉండిపోయాయి. ఆవిడ వచ్చింది. రాత్రంతా నిలబడ్డ కాళ్ళు వాచి ఉన్నాయి. అతన్ని చూసి కళ్ళతోనే నవ్వింది, స్నానం చేసింది, "ఒక్క పది నిమిషాలు నడుం వాలుస్తానండీ" అంది. అంతే. మధ్యాహ్నమైంది, వంట చల్లారిపోయింది, పార్కు తెరిచే వేళా మూసే వేళా రెండూ అయిపోయాయి. దీపాలు పెట్టాక లేచి, యూనిఫాం ఉతుక్కుని, నాలుగు ముద్దలు తిని, సోమవారం తెల్లవారకముందే మళ్ళీ వెళ్ళాలని పడుకుంది.

వంటింట్లో గిన్నెలు సర్దుతూ అత్తగారు అందుకుంది. "రాత్రి గొడ్డుచాకిరీ చేసి పొద్దున ఇంటికొచ్చిపడితే, ఆ పడిపోయిన రోజుని సెలవంటారా? ఇదెక్కడి సెలవు? ఎవడు రాశాడో గానీ ఆ చార్టు, వాడి చేతులు పడిపోను!"

అతని చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. అలాంటి మాటే అంతకుముందు ఎక్కడో చదివాడు. ఎక్కడో ఏమిటి, తన బల్ల మీదే చదివాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక ఫిర్యాదులో అదే ఉంది. సాఫ్ట్‌వేర్‌కి రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. డ్యూటీ ఏ రోజు మొదలైతే ఆ రోజు ఖాతాలోనే వేస్తుంది. శనివారం రాత్రి మొదలైన డ్యూటీ శనివారానిది. అది ఆదివారం పొద్దున దాకా సాగినా సరే, ఆదివారం నర్సు ఖాళీగానే ఉన్నట్టు దాని దృష్టిలో. కాబట్టి సెలవు ఇచ్చేసినట్టే. ఎవరి జీతమూ కొయ్యట్లేదు, ఏ వార్డులోనూ మనిషి తక్కువ పడట్లేదు, నిబంధన ప్రకారం వారానికో సెలవు కాగితం మీద ఉండనే ఉంది. అతను ఆ ఫిర్యాదు ఎదురుగా నష్టం సున్నా అని వేసి పక్కన పెట్టాడు. ఇది జరిగి రెండేళ్ళు దాటింది.

చెప్తే ఎవరైనా ముక్కు మీద వేలేసుకుంటారు. ఆదివారం ఆదివారం పక్కన పడుకుని ఉన్న భార్యని చూస్తూ, పాపం అలసిపోయింది అనుకున్నాడే గానీ, ఆ అలసట తన బల్ల మీద నుంచి వచ్చిందని తట్టలేదు! ఇంటిని ఆఫీసుకి రానివ్వకూడదనుకున్నవాడు, ఆఫీసు ఇంట్లోకొచ్చి మంచమెక్కినా చూసుకోలేదు.

మర్నాడు మేడం దగ్గరికి వెళ్ళాడు. ఏ తప్పు బాగుచెయ్యాలో పైవాళ్ళకి చెప్పి ఒప్పించేది ఆవిడే. మాట పెళుసు గానీ మనిషి సూటి. పక్కన ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునే పాత ప్రోగ్రామరు కూడా ఉన్నాడు. అతన్ని సణుగుడు అంటారు. ఎందుకంటారో వివరించక్కర్లేదు.

"దీన్ని మళ్ళీ తెరవాలండి. నేను వేసిన సున్నా తప్పు," అన్నాడు తూకం.

మేడం కళ్ళజోడు పైకి తోసుకుంది. "మీ నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారి. మీ ఆవిడ కోసమా?"

అతనికి మొహం ఎర్రబడింది. "ఆవిడా ఉందండి అందులో. దాచను. అందుకే నేను చూపించే లెక్కని మామూలుకంటే గట్టిగా పట్టి చూడండి."

"అర్ధరాత్రి జోలికెళ్ళొద్దు బాబూ," సణుగుడు మొదలెట్టాడు. "ఆ ప్రోగ్రాంలో అడుగడుగునా అదే. ఒకచోట కదిపితే ఇంకోచోట ఊడి చేతికొస్తుంది. జీతాలు దాని మీదే, హాజరు దాని మీదే. ముగ్గురు మనుషులం కొన్ని నెలలు తలకాయలు బద్దలు కొట్టుకోవాలి. రాసినవాడెవడో హాయిగా వెళ్ళిపోయాడు, చావు నాకొచ్చింది."

"విన్నారుగా," అంది మేడం. "ఖర్చు మామూలుది కాదు. నష్టం దాన్ని దాటినట్టు చూపించండి. జాలి చూపిస్తే పైవాళ్ళు ఒప్పుకోరు. అంకె చూపించండి."

వారం రోజులు అతను అంకె కోసం పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఆదివారానికి ఖరీదెంత? బజార్లో ఎవరమ్ముతారు? భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని తినని ఒక్క పూట భోజనానికి ఎంత వెయ్యాలి? దిండు మీద చెయ్యి పెట్టి చూసుకోవడానికి ఎంత? ఒకసారి నిజంగానే ఒక అంకె వేసి, తనకే సిగ్గేసి కొట్టేశాడు. ఎంత పెద్ద అంకె వేసినా అతనికి చాలలేదు, ఎంత చిన్నది వేసినా మేడం ఒప్పుకోదు. తల పట్టుకుని కూర్చున్నాడు.

చివరికి దారి దొరికింది. సెలవుకి ఖరీదు లేకపోవచ్చు, మనిషి మానేస్తే మాత్రం ఆసుపత్రికి ఖర్చే. కొత్త నర్సుని వెతకాలి, తీసుకోవాలి, పని నేర్పాలి, నేర్చుకునే దాకా ఇద్దరి పని ఒకరు చెయ్యాలి. అలా జనం పోతుంటే ఆ ఆసుపత్రి వీళ్ళ సాఫ్ట్‌వేర్‌ని మాత్రం ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది? అతను ఆసుపత్రి సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారికి ఫోన్ చేశాడు. విశ్రాంతి చాలట్లేదని చెప్పి ఈ ఏడాది మానేసినవాళ్ళు, మానేస్తామని కాగితం ఇచ్చినవాళ్ళు, మొత్తం ఎంతమంది?

"పేర్లు కావాలా సార్?"

"వద్దండి. పేర్లు నాకొద్దు. ఎంతమందో చెప్పండి చాలు."

పేర్లు అడగకపోవడం అతని నియమం. పేరు తెలిస్తే చెయ్యి వణుకుతుంది, వట్టి అంకె అయితే వణకదు. అధికారి లెక్క చూసి ఒక సంఖ్య చెప్పాడు. తూకం గుణించి చూశాడు. మళ్ళీ చూశాడు. నష్టం ఖర్చుని దాటింది. ఎంతలో దాటింది? వెంట్రుకవాసిలో. ఒక్క నర్సు తగ్గినా చాలదు. ఏమైతేనేం, దాటింది!

మేడం ఆ లెక్కని రెండు రోజులు అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఆసుపత్రికి తనే ఫోన్ చేసి కనుక్కుంది. "నిలుస్తుంది," అంది ఆఖరికి. "మరీ అంచున ఉంది గానీ నిలుస్తుంది. రేపు పొద్దున పైవాళ్ళ ముందు పెడతాను." సణుగుడు అప్పుడే సణగడం మొదలుపెట్టాడు.

అతనికి కాలు నిలవలేదు. ఈ మాట అత్తగారి చేత చెప్పించడానికి మనసొప్పలేదు. తనే చెప్పాలి, ఆవిడ మొహం చూస్తూ చెప్పాలి. మర్నాడు తెల్లారేసరికి ఫ్లాస్కులో టీ పోసుకుని, నీలం చొక్కా వేసుకుని, ఆసుపత్రి వెనక గేటు దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. రాత్రి డ్యూటీ దిగిన నర్సులు ఇద్దరూ ముగ్గురూ బయటికొస్తున్నారు. అతని కళ్ళు గేటుకే అతుక్కుపోయాయి. పెళ్ళిచూపులనాడు కూడా ఇంత కంగారు పడలేదు.

ఆవిడ వచ్చింది. అతన్ని చూసి అక్కడే ఆగిపోయింది. "అయ్యో! ఏమైందండీ? అమ్మకి బాగానే ఉందా?"

"అందరూ బాగున్నారు. నీ కోసమే వచ్చాను. కూర్చో."

పక్కన కూర్చుంది. పగటి వెలుగులో ఆవిడని అంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో! చెవి పక్కన జుట్టు నెరిసింది. అతనికి తెలియనే తెలియదు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చి, గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. అర్ధరాత్రి సంగతి, తను వేసిన సున్నా, కొత్త అంకె, మేడం ఒప్పుకోవడం, అంతా. "కొన్ని నెలలు ఓర్చుకో. తర్వాత సెలవంటే నిజం సెలవే. ముందు రాత్రి డ్యూటీ ఉండదు. నిద్ర లేచి, ఇద్దరం కలిసి..."

ఆవిడ టీ తాగడం మానేసింది. "ఆ ఫిర్యాదు పంపింది నేనేనండీ," అంది మెల్లగా. "సున్నా వేసింది మీరేనని కూడా తెలుసు. మీ ఆఫీసులో ఆ పని చేసేది మీరొక్కరేగా."

"తెలిసి నాకు చెప్పలేదా?"

"చెబితే నా మొహం చూసి చేసేవారు. మీ నియమం మీరే తప్పానని తర్వాత జీవితమంతా కుమిలేవారు. మీ అంతట మీరే చూస్తారనుకున్నాను. ఇవాళ చూస్తారు, రేపు చూస్తారు అని కళ్ళు కాయలు కాచాయి. పోనీ చెబుదామన్నా ఎప్పుడు చెప్పను? మీరు మెలకువగా ఉన్నప్పుడు నేను లేను."

ఆ వెంటనే ఇంకో మాటా చెప్పింది, "నేను కాగితం ఇచ్చేశానండీ. మీరు ఫోన్ చేసి అడిగిన లెక్కలో నేనూ ఒకదాన్ని."

ఆవిడ ఆగి ఆగి చెప్పింది. శరీరం ఇంక సహకరించట్లేదు. మొన్న ఒక మందు బదులు ఇంకో మందు చేతిలోకి తీసుకుంది, చివరి క్షణంలో చూసుకుంది కాబట్టి సరిపోయింది. ఊళ్ళో ఉన్న రెండో ఆసుపత్రికి వెళ్దామంటే వాళ్ళూ ఇదే చార్టు కొన్నారు. దూరాన ఒక హాస్టలు బడిలో పిల్లలకి మందూ మాకూ చూసే పని దొరికింది. పగటి పని. మూడేళ్ళకి సంతకం పెట్టింది. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. అమ్మ తోడొస్తుంది.

"ఈ సోమవారం సాయంత్రం ఎలాగైనా మెలకువగా ఉండి మీతోనే చెప్పాలనుకున్నాను. అమ్మతో చెప్పించడం ఇష్టం లేకపోయింది."

"వెనక్కి తీసుకో," అన్నాడు అతను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "ఇవాళే తీసుకో. అంతా బాగయ్యే వేళ ఇప్పుడు పోవడమేమిటి? సెలవు పెట్టు, ఆ నెలలు ఇంట్లో పడుకో. నేను ఉండలేను. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉంటూనే ఉండలేకపోయాను, ఇంక రైలు దూరం ఎలా ఉండను?"

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ఆ మాట కోసమే ఎన్నేళ్ళుగానో ఎదురుచూసినట్టు అతని వైపు చూసింది. ఆ తర్వాత అడిగింది, "నేను వెనక్కి తీసుకుంటే మీ లెక్క నిలుస్తుందా?"

అతను ఆవిడతో అబద్ధమాడటం చేతకాని మనిషి. "నిలవదు," అన్నాడు. "ఒక్క మనిషి తేడా."

"అయితే సవరణ ఉండదు."

"ఈసారికి ఉండదు. మళ్ళీ ఎవరో మానేసేదాకా..."

"మా వార్డులో ఒక పిల్ల ఉందండీ. చంటిబిడ్డ తల్లి. ఆదివారం పక్కలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే దానికి మెలకువ రాలేదట. లేచి చూసేసరికి బిడ్డ ఏడ్చి ఏడ్చి నీలంగా అయిపోయాడట. నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "దానికి ఏం చెప్పను? మా ఆయన మీద బెంగగా ఉంది, నువ్వు ఇంకొన్నాళ్ళు ఓర్చుకో అని చెప్పనా?"

సవరణ అయ్యాక తిరిగొచ్చి చేరదామన్నా, ఒకసారి మానేసినవాళ్ళని ఈ ఆసుపత్రి మళ్ళీ తీసుకోదని ఇద్దరికీ తెలుసు.

"నాకూ మీ మీద బెంగేనండీ," అందావిడ. "మిమ్మల్ని నిద్రలో చూసి చూసి, మీ గొంతెలా ఉంటుందో మర్చిపోతానేమోనని భయమేసేది." కొంచెం నవ్వింది. "మీరూ వచ్చేయండి అందామంటే, ఆ ఊళ్ళో మీ తూకానికి పనేముంది? బడిపిల్లల అల్లరికి ఖరీదు కడతారా?"

అతనూ నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్ళు మసకబారాయి. చెప్పాల్సిన కబుర్లన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. పార్కు సంగతి, తను చేసిన వంట సంగతి, దిండు సంగతి. ఎక్కడ మొదలెట్టాలా అని చూస్తుంటే ఆవిడ తల అతని భుజం మీదకి ఒరిగింది. కళ్ళు మూతపడ్డాయి. రాత్రంతా నిలబడ్డ మనిషి, ఎంతసేపని ఆపుకుంటుంది? ఆవిడ చేతిలోని టీ మూత మెల్లగా తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడు లేపితే ఇంకాసేపు మాట్లాడొచ్చు. ఇంకోసారి బతిమాలితే, ఏమో, మనసు మార్చుకుంటుందేమో కూడా. లేపడానికి చెయ్యెత్తాడు.

జేబులో ఫోన్ మోగింది. మేడం.

"తూకం గారూ, లోపలికి వెళ్తున్నాను. ఒక్క మాట. మీ సంఖ్య మరీ అంచు మీద ఉంది. కాగితం ఇచ్చినవాళ్ళలో ఎవరైనా వెనక్కి తీసుకుంటే పైవాళ్ళ ముందు నా పరువు పోతుంది. అది మారదుగా?"

అతను భార్య వైపు చూశాడు. నోరు కొద్దిగా తెరుచుకుని చిన్నపిల్లలా నిద్రపోతోంది.

"మారదండి," అన్నాడు, ఆవిడకి మెలకువ రాకుండా గొంతు తగ్గించి.